తిరుపతి రైల్వే స్టేషన్

తిరుపతి రైల్వే స్టేషన్ ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి జిల్లా కేంద్రమైన తిరుపతి నగరం నడిబొడ్డున, గూడూరు–కాట్పాడి రైలుమార్గం మీద ఉన్న ప్రధాన స్టేషన్. రైల్వే వ్యవహారాల్లో దీనికి టి.పి.టి.వై. అనే సంకేతాక్షరాలున్నాయి. గుంతకల్లు డివిజనులో ప్రయాణికుల రాకపోకలు అత్యధికంగా ఉండే స్టేషన్లలో ఇది ఒకటి. రాబడిని బట్టి స్టేషన్లను తరగతులుగా విభజించిన పాత పద్ధతిలో ఇది అన్నింటికన్నా పై తరగతి అయిన ఏ-1లో ఉండేది. నగరానికి పడమట ఇదే మార్గం మీద తిరుపతి వెస్ట్ అనే చిన్న స్టేషన్ ఉండడం వల్ల ప్రధాన స్టేషన్‌ను ఒకప్పుడు తిరుపతి ఈస్ట్ అనేవారు. తరువాత తిరుపతి మెయిన్ అనే పేరు వాడుకలోకి వచ్చింది. ఊళ్ళోవాళ్ళకు మాత్రం ఇది ఎప్పుడూ రైల్వేస్టేషనే.

స్టేషన్ ముఖద్వారం ఉత్తరాన, అంటే తిరుమల కొండ వైపు ఉంది. బయటికి అడుగుపెట్టిన యాత్రికునికి దగ్గరలోనే గోవిందరాజస్వామి పుష్కరిణి, దాని వెనుక ఆలయ గోపురం, వాటికి పైన శేషాచల పర్వతశ్రేణి కనిపిస్తాయి. యాత్రాస్థలానికి వచ్చినవారికి గమ్యాన్ని ఇంత సూటిగా చూపించే రైల్వే స్టేషన్లు దేశంలో అరుదు.

పూర్వరంగం

రైలు రాకముందు తిరుపతి యాత్ర రోజుల తరబడి సాగేది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి పల్లకీ బోయీలు, పరివారంతో కాశీకి బయలుదేరి, దారిలో తిరుపతిని, తిరుమలను దర్శించుకుని కడప వైపు సాగిపోయిన వృత్తాంతం ఆయన కాశీయాత్ర చరిత్రలో ఉంది. కలిగినవారికి పల్లకీలు, తక్కినవారికి ఎడ్లబండ్లు, బీదలకు కాలినడక అన్న ఆ కాలపు అంతరం ప్రయాణపు ప్రతి మజిలీలోనూ ఉండేది.

దక్షిణ భారతదేశంలో మొదటి రైలుమార్గాన్ని మద్రాసు రైల్వే కంపెనీ రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా వేసి 1856 జూలై 1న ప్రజల రాకపోకలకు తెరిచింది. ఆ మార్గంలోని అరక్కోణం వద్ద నుంచి వాయవ్య దిశగా ఒక శాఖను విడదీసి బొంబాయి వైపు నడిపించాలని కంపెనీ సంకల్పించి, 1861లో పని మొదలుపెట్టి, 1862లో రేణిగుంట దాకా పట్టాలు వేసింది. ఈ శాఖ అక్కడి నుంచి కోడూరు, కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా 1871లో రాయచూరు చేరి, బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలిసింది. మద్రాసు, బొంబాయి నగరాలను జోడించిన ఈ మార్గం రాయలసీమ చరిత్రలో ఒక పెద్ద మలుపు. అయితే దీన్ని వేసినవారి దృష్టి రెండు రేవు నగరాల మధ్య సరకుల, టపాల రవాణా మీద ఉంది కాని తిరుమల యాత్ర మీద లేదు. అందువల్లనే పట్టాలు తిరుపతికి పది కిలోమీటర్ల దూరంలోని రేణిగుంట మీదుగా ఉత్తరానికి తిరిగిపోయాయి.

ఆ తరువాత సుమారు మూడు దశాబ్దాల పాటు తిరుపతి యాత్రికులకు రేణిగుంటే రైలు దిగే చోటు. మద్రాసు నుంచి ఒక్క పూటలో రేణిగుంటకు రాగలగడం ఆనాటివారికి గొప్ప సౌకర్యమే. కాని అక్కడి నుంచి కొండ పాదానికి చేరడం బండి దొరకడం మీద, కాళ్ళలో సత్తువ మీద ఆధారపడి ఉండేది. రేణిగుంట జంక్షన్‌కు ఆనాడు కలిగిన ప్రాముఖ్యం నేటికీ తరగలేదు. చెన్నై–ముంబై మార్గంలో నడిచే అనేక రైళ్ళు తిరుపతికి రాకుండా రేణిగుంట మీదుగానే సాగిపోతాయి కనుక, ఇప్పటికీ వేలాది యాత్రికులు అక్కడ దిగి బస్సులోనో ఆటోలోనో తిరుపతి చేరుతున్నారు.

మీటర్‌గేజి మార్గం

1876–78 నాటి మహాకరవు మద్రాసు రాజధానిలోని సీమ జిల్లాలను చావుదెబ్బ తీసింది. అంతకు ఐదేళ్ళ ముందే మద్రాసు–బొంబాయి మార్గం పూర్తయినప్పటికీ, దానికి దూరంగా ఉన్న తాలూకాలకు ధాన్యం చేరవేయడం సాధ్యం కాలేదు. 1880లో నివేదిక సమర్పించిన కరవు కమిషన్ కరవులు తరచుగా వచ్చే ప్రాంతాలలో రైలుమార్గాలు విస్తరించాలని సిఫారసు చేసింది. తరువాతి దశాబ్దంలో రాయలసీమ దక్షిణ భాగంలో వరుసగా వెలిసిన మీటర్‌గేజి మార్గాలను ఈ నేపథ్యంలో చూడాలి. పట్టాల జతలో రెండు పట్టాల నడుమ ఉండే దూరాన్ని గేజి అంటారు. బ్రాడ్‌గేజిలో ఆ దూరం 1,676 మిల్లీమీటర్లు కాగా మీటర్‌గేజిలో 1,000 మిల్లీమీటర్లు. మీటర్‌గేజికి కట్టలు, వంతెనలు, పెట్టెలు అన్నీ చిన్నవి కనుక తక్కువ ఖర్చుతో ఎక్కువ దూరం వేయవచ్చు. కాని రెండు గేజిలు కలిసిన ప్రతిచోటా ప్రయాణికులు దిగి మరో బండి ఎక్కాలి, సరకు దించి మరో బండికి ఎత్తాలి. ఈ ఇబ్బందిని తిరుపతి శతాబ్దానికి పైగా అనుభవించింది.

గూడూరు నుంచి వెంకటగిరి, శ్రీకాళహస్తి, ఏర్పేడు, రేణిగుంట, తిరుపతి, చంద్రగిరి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి పోయే మార్గం, పాకాల నుంచి పీలేరు, మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా ధర్మవరానికి పోయే శాఖ ఆ దశాబ్దాల్లో దక్షిణ భారత రైల్వే కంపెనీ చేతిలో మీటర్‌గేజి మార్గాలుగా రూపొందాయి. ధర్మవరం–పాకాల మార్గం 1891లో తెరుచుకుంది. తిరుపతి స్టేషన్ స్థాపన సంవత్సరంగా కూడా 1891నే చెబుతారు. అప్పటికి తిరుపతి ఉత్తరార్కాటు జిల్లా చంద్రగిరి తాలూకాలోని ఒక చిన్న పట్టణం. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న.

ఈ మార్గం స్వరూపాన్ని పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. తూర్పున గూడూరు వద్ద కోస్తా మార్గానికి, పడమట ధర్మవరం వద్ద బెంగళూరు–గుంతకల్లు మార్గానికి, దక్షిణాన కాట్పాడి వద్ద మద్రాసు నుంచి పశ్చిమతీరానికి పోయే మార్గానికి, నడుమ రేణిగుంట వద్ద బొంబాయి మార్గానికి తిరుపతి ముడిపడింది. కరవు నివారణకు, సరకుల రవాణాకు వేసిన పట్టాలు తెలుగు, తమిళ, కన్నడ దేశాలు మూడింటి యాత్రికులను ఒకే ఊరికి చేర్చే వలగా మారాయి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ స్టేషన్ కూడా దేశం నలుమూలల మార్గాలు కలిసే చోట ఉండడం వల్లనే ఆ దేశంలో అత్యంత రద్దీగల స్టేషన్ అయింది. అయితే అక్కడి రద్దీలో అధికభాగం పనులకు, చదువులకు రోజూ తిరిగేవారిది, మరో రైలు అందుకోవడానికి దిగేవారిది. తిరుపతిలో దిగేవారిలో అధికులకు తిరుపతే గమ్యం. ఈ విషయంలో దీనికి దగ్గరి పోలిక 1866లో రైలు చేరిన ఫ్రాన్సు యాత్రాస్థలం లూర్దు.

పాలనలో మార్పులు

మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే 1908లో కలిసి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేగా ఏర్పడ్డాయి. ఆ సంస్థ, దక్షిణ భారత రైల్వే 1944లో ప్రభుత్వ యాజమాన్యంలోకి వచ్చాయి. ఈ రెండింటినీ మైసూరు రాష్ట్ర రైల్వేనూ కలిపి 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేను ఏర్పాటు చేశారు. 1977 అక్టోబరు 2న గుంతకల్లు డివిజన్ దక్షిణ రైల్వే నుంచి సికింద్రాబాదు కేంద్రంగా గల దక్షిణ మధ్య రైల్వేకు మారింది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వేను ఏర్పాటు చేస్తామని, గుంతకల్లు డివిజన్ అందులో ఉంటుందని కేంద్ర ప్రభుత్వం 2019 ఫిబ్రవరి 27న ప్రకటించగా, ఆ జోన్ ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు.

కొండదారి, స్టేషన్

తిరుపతి స్టేషన్ పెరుగుదలను తిరుమల కొండదారి చరిత్రతో కలిపి చదవడం అవసరం. రైలు వచ్చిన తరువాత కూడా అర్ధశతాబ్దం పాటు యాత్రికుడు స్టేషన్‌లో దిగి, గోవిందరాజస్వామి ఆలయం చుట్టుపక్కల సత్రాలలో విడిది చేసి, అలిపిరి మెట్లదారినో, చంద్రగిరి వైపునుండే శ్రీవారి మెట్టు దారినో కొండ ఎక్కవలసిందే. నడవలేని ముసలివారిని, పసిపిల్లలను డోలీలలో మోసుకుపోయేవారు. తిరుమల ఆలయ పాలన 1843 నుంచి హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. 1932 నాటి చట్టం ద్వారా తిరుమల తిరుపతి దేవస్థానాలు ఏర్పడి, 1933లో పాలన కమిటీకి మారింది. దేవస్థానం వారి ప్రయత్నాల ఫలితంగా మొదటి ఘాట్‌రోడ్డు 1944 ఏప్రిల్‌లో తెరుచుకోవడంతో రైలు దిగినవారు అదే రోజు బస్సులో కొండ చేరి దర్శనం చేసుకునే వీలు కలిగింది. రెండో ఘాట్‌రోడ్డు 1974లో వచ్చింది. పైకి ఒక దారి, కిందికి ఒక దారి ఏర్పడిన ఆ తరువాతనే తిరుమలకు వచ్చేవారి సంఖ్య అంతకు ముందెన్నడూ లేనంతగా పెరిగింది. నేడు రోజుకు అరవై, డెబ్బై వేలమంది దర్శనం చేసుకుంటున్నారు. శని, ఆదివారాల్లో, వేసవి సెలవుల్లో, బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడసేవ నాడు, వైకుంఠ ఏకాదశికి ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఆ రద్దీకి తట్టుకోవడానికి రైల్వే ఏటా ప్రత్యేక రైళ్ళు నడుపుతుంది.

స్టేషన్ పరిసరాల్లో దేవస్థానం కట్టించిన వసతిగృహాలు ఈ బంధానికి సాక్ష్యాలు. స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణు నివాసం, వెనుక వైపున్న గోవిందరాజస్వామి సత్రాలు ముఖ్యంగా రైల్లో వచ్చే సామాన్య యాత్రికుల కోసం ఏర్పడ్డవి. సర్వదర్శనం టోకెన్లు ఇచ్చే కేంద్రాలలో విష్ణు నివాసం ఒకటి కావడం వల్ల, రైలు దిగినవారు రోడ్డు దాటి వరుసలో నిలబడితే చాలు, వారి యాత్ర మొదలైనట్టే.

గేజి మార్పిడి, రైళ్ళు

గూడూరు–రేణిగుంట–తిరుపతి భాగం ముందుగా బ్రాడ్‌గేజికి మారగా, తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి పోయే భాగం, పాకాల–ధర్మవరం శాఖ చాలాకాలం మీటర్‌గేజిగానే ఉండిపోయాయి. ఆ దశాబ్దాలలో ఒకే స్టేషన్‌లో ఒక పక్క హైదరాబాదు, మద్రాసు నుంచి వచ్చే పెద్ద బండ్లు, మరో పక్క చిత్తూరు, మదనపల్లె వైపు పోయే చిన్న బండ్లు నిలిచేవి. తిరుపతి–కాట్పాడి భాగం మార్పిడితో చిత్తూరు పట్టణం అప్పటి రాష్ట్ర రాజధాని హైదరాబాదుతో నేరుగా కలిసింది. 227 కిలోమీటర్ల పాకాల–ధర్మవరం మార్గం మార్పిడి 2010లో పూర్తయింది. కరవు సీమకు మేలు చేయడానికి వేసిన ఈ మార్గం బ్రాడ్‌గేజి అయ్యేందుకు ఇంతకాలం పట్టడం ఆ ప్రాంతానికి జరిగిన అన్యాయమనే చెప్పాలి.

బ్రాడ్‌గేజి విస్తరించిన కొద్దీ తిరుపతి ఎన్నో రైళ్ళకు తుదిస్టేషన్ అయింది. వాటికి పేర్లు పెట్టినవారి అభిరుచి మెచ్చదగినది. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి అనే ఏడుకొండలలో నాలుగింటి పేర్లు రైళ్ళకు అమరాయి. వాటిలో నారాయణాద్రి గుంటూరు, నల్లగొండ మీదుగా హైదరాబాదు జంటనగరాలకు, గరుడాద్రి చెన్నైకి, శేషాద్రి కాకినాడ నుంచి తిరుపతి మీదుగా బెంగళూరుకు, వేంకటాద్రి కాచిగూడ నుంచి కర్నూలు, కడప, తిరుపతి మీదుగా చిత్తూరుకు నడుస్తాయి. ఏడుకొండలను కలిపి చెప్పే సప్తగిరి పేరు చెన్నై రైలుకు, అదే అర్థమున్న సెవెన్ హిల్స్ పేరు సికింద్రాబాదు రైలుకు దక్కాయి. తిరుచానూరు అమ్మవారి పేరున పద్మావతి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాదుకు నడుస్తుంది. కొండ పేర్లు కాకపోయినా ప్రజల నోళ్ళలో నలిగినవి మరికొన్ని ఉన్నాయి. వాటిలో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఆదిలాబాదును, రాయలసీమ ఎక్స్‌ప్రెస్ నిజామాబాదును, హరిప్రియ ఎక్స్‌ప్రెస్ కొల్హాపురాన్ని తిరుపతితో కలుపుతాయి. కొల్హాపురం మహాలక్ష్మి క్షేత్రం కనుక, అమ్మవారి ఊరి నుంచి స్వామివారి ఊరికి వచ్చే రైలుకు హరిప్రియ అన్న పేరు ఎంతో సార్థకం.

దూరప్రాంతాల రైళ్ళలో ఢిల్లీలోని నిజాముద్దీన్‌కు వెళ్ళే ఆంధ్రప్రదేశ్ సంపర్క్ క్రాంతి, జమ్మూతావి వెళ్ళే హంసఫర్, పూరీ, బిలాస్‌పూర్ ఎక్స్‌ప్రెస్‌లు చెప్పుకోదగినవి. విశాఖపట్నం–తిరుపతి మధ్య రెండంతస్తుల ఏసీ రైలు నడుస్తోంది. 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి సికింద్రాబాదులో ప్రారంభించిన సికింద్రాబాదు–తిరుపతి వందే భారత్ ఎక్స్‌ప్రెస్ నల్లగొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు మీదుగా సుమారు ఎనిమిదిన్నర గంటల్లో గమ్యం చేరేలా మొదలైంది. ఎనిమిది పెట్టెలతో మొదలైన ఈ రైలుకు ఆదరణ ఎంతగా ఉందంటే, ఆరు వారాలు తిరగకముందే పెట్టెలను పదహారుకు పెంచవలసి వచ్చింది. రాత్రి ప్రయాణమే తప్ప మరో మార్గం లేదనుకున్న హైదరాబాదు యాత్రికులకు పగటిపూట ప్రయాణం దీనితో సులువైంది.

పేరున్న రైళ్ళ మధ్య ప్యాసింజరు, మెమూ బండ్ల సంగతి మరుగున పడరాదు. మెమూ అంటే ప్రత్యేకమైన ఇంజను తగిలించకుండా పెట్టెల్లోని మోటార్లతోనే కరెంటు మీద నడిచే రైలు. ఉద్యోగులు, 1954లో స్థాపించిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ విద్యార్థులు, రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు వచ్చే రోగులు, పూలు, కూరగాయలు అమ్ముకునేవారు రోజూ శ్రీకాళహస్తి, పాకాల, చిత్తూరు వైపుల నుంచి ఈ బండ్లలోనే వస్తారు. కాట్పాడి బండ్లకు మరో ప్రాధాన్యం ఉంది. వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాల ఆసుపత్రికి పోయే తెలుగు రోగులలో ఎందరికో ఇదే దారి.

సదుపాయాలు

స్టేషన్‌లో ఆరు ప్లాట్‌ఫారాలు, వాటిని కలిపే పాదచారుల వంతెనలు, ఎస్కలేటర్లు, లిఫ్టులు, వేచి ఉండే గదులు, విశ్రాంతి గదులు, సామాన్లు భద్రపరిచే క్లోక్‌రూములు, రిజర్వేషన్ కేంద్రం ఉన్నాయి. ఏ స్టేషన్‌లోనైనా ఉండే ఈ వసతుల అవసరం ఇక్కడ వేరు. తలనీలాలు సమర్పించి, ప్రసాదం సంచులతో కొండ దిగివచ్చిన కుటుంబాలు రాత్రి రైలు కోసం గంటల తరబడి ఆవరణలోనే నిరీక్షిస్తాయి కనుక స్నానాల గదులు, తాగునీరు, పడుకోవడానికి చోటు ఇక్కడ టికెట్ కౌంటర్లతో సమానమైన అవసరాలు. స్టేషన్ బయటి నుంచే తిరుమలకు ఆర్టీసీ బస్సులు దొరుకుతాయి.

రైలు పెట్టెలకు నిర్ణీత కాలానికి ఒకసారి పూర్తి మరమ్మతు చేసే వర్క్‌షాపు నగరంలోని శెట్టిపల్లి ప్రాంతంలో ఉంది. పెట్టెల మరమ్మతుల కర్మాగారంగా పేరొందిన ఈ సంస్థ వల్ల తిరుపతి యాత్రికుల ఊరే కాక రైల్వే కార్మికుల ఊరు కూడా అయింది. స్టేషన్ మీద భారం తగ్గించేందుకు రేణిగుంటకు, తిరుపతికి నడుమనున్న తిరుచానూరు స్టేషన్‌ను అభివృద్ధి చేశారు.

ఇటీవలి కాలం

2020 మార్చిలో కరోనా కారణంగా ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోయాయి. అదే నెల 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనాలు ఆగి, జూన్ 11న సామాన్యులకు మళ్ళీ మొదలయ్యాయి. ప్రయాణాలు స్తంభించిన ఆ రోజుల్లోనే, మార్చి 26న, రేణిగుంట నుంచి ఢిల్లీ నిజాముద్దీన్‌కు దూధ్ దురంతో పేరుతో పాల ట్యాంకర్ల ప్రత్యేక రైలు మొదలై చిత్తూరు ప్రాంతపు పాడిరైతులను ఆదుకుంది. 2021 నవంబరు 19న అన్నమయ్య జలాశయం కట్ట తెగి నందలూరు, రాజంపేటల మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు తిరుపతికి రావలసిన అనేక రైళ్ళు రద్దయ్యాయి, కొన్నిటిని దారి మళ్ళించారు. పాత మద్రాసు–బొంబాయి మార్గం మీద తిరుపతి ఇప్పటికీ ఎంతగా ఆధారపడి ఉందో ఆ వారం స్పష్టంగా తెలిసింది.

స్టేషన్‌ను ప్రపంచస్థాయికి పునర్నిర్మించే పథకం 2022లో చేపట్టగా, ఆ ఏడాది విడుదలైన నమూనా చిత్రాలపై విమర్శలు వచ్చాయి. గాజు, ఉక్కులతో కూడిన ఆ భవనం పుణ్యక్షేత్రపు ముఖద్వారంగా లేదన్నది విమర్శకుల మాట. గోవిందరాజస్వామి గోపురానికి ఎదురుగా లేచే కట్టడం విషయంలో ఈ అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. ఉత్తర, దక్షిణ ద్వారాలు రెండింటినీ కొత్తగా కట్టి నగరపు రెండు భాగాలకూ స్టేషన్‌ను సమానంగా అందుబాటులోకి తేవడం ఈ పథకంలోని మంచి అంశం. పట్టాలకు దక్షిణాన పెరిగిన తిరుపతి జనానికి ఇన్నాళ్ళూ చుట్టూ తిరిగి రావడం తప్పలేదు.

తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి పోయే మార్గం బ్రాడ్‌గేజి అయినా ఒంటిలైనుగానే మిగిలింది. ఎదురుబండి కోసం చిన్న స్టేషన్లలో రైళ్ళు నిలిచిపోవడం ఆ దారిలో ప్రయాణించేవారికి అలవాటైన బాధ. ఈ 104 కిలోమీటర్ల మార్గాన్ని 1,332 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో రెండు లైన్లుగా చేయడానికి కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్ 9న ఆమోదం తెలిపింది.